అంబుడ్స్‌మన్‌కు రాసే ముందు చేతిలో ఉండవలసిన కాగితం

ప్రభుత్వ కార్యాలయంలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. అందులో పదకొండేళ్లు తపాలు సెక్షన్‌లోనే గడిచాయి. బయటి నుంచి వచ్చే ప్రతి కాగితమూ ముందు నా బల్ల మీదకే వచ్చేది. తేదీ ముద్ర వేసి, ఇన్‌వార్డు రిజిస్టరులో నంబరు ఎక్కించి, సంబంధిత సెక్షన్‌కు పంపడం నా పని. రసీదు అడగకుండా చేతికిచ్చి వెళ్లిపోయినవారి అర్జీలు కొన్ని ఆ రిజిస్టరులోకి ఎక్కలేదు. "ఇది ప్రస్తుతానికి పక్కన పెట్టండి" అని పైవారు అంటే పక్కన పెట్టాను. ఒక కౌలు రైతు అర్జీ అలా ఐదు నెలలు నా సొరుగులో ఉండిపోయింది. ఆయన మూడుసార్లు వచ్చారు. తాను ఇచ్చానని చూపించడానికి ఆయన దగ్గర ఒక్క ముక్క కూడా లేదు. ఆ తప్పు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఉద్యోగ విరమణ తరువాత అమలాపురం దగ్గర మా ఊళ్లో, మధ్యాహ్నం వేళ మా ఇంటి అరుగు మీద కూర్చుని అర్జీలు రాసిపెట్టడం మొదలుపెట్టింది అందుకే.

కాబట్టి మొదటి మాట ఇదే. ఏ అర్జీ అయినా రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకటి ఇవ్వండి, రెండోదాని మీద సీలు, తేదీ, సంతకం వేయించుకోండి. సీలు వేయబోమని వారంటే బతిమాలకండి, గొడవా పడకండి. నేరుగా పోస్టాఫీసుకు వెళ్లి అదే కాగితం స్పీడ్ పోస్టులో పంపి, రసీదును నకలుకు గుండుసూదితో గుచ్చుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కు వెళ్లినా, ఇచ్చిన నంబరు స్లిప్పు జాగ్రత్త చేయండి. అంబుడ్స్‌మన్ దాకా వెళ్లే దారి ఈ సీలుతోనే మొదలవుతుంది.

అంబుడ్స్‌మన్ అంటే ఎవరని చాలామంది అడుగుతారు. అది స్వీడన్ నుంచి వచ్చిన మాట. పాలకుల పనితీరు మీద జనం ఫిర్యాదులు విని విచారించడానికి 1809లో అక్కడ ఏర్పాటు చేసిన పదవి. మన దేశంలో మొదటి పరిపాలనా సంస్కరణల సంఘం 1966లో అలాంటి పదవులే కావాలని, కేంద్రంలో లోక్‌పాల్, రాష్ట్రాల్లో లోకాయుక్త ఉండాలని సిఫారసు చేసింది. మన రాష్ట్రంలో లోకాయుక్త చట్టం 1983లో వచ్చింది. బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ వేరు, కరెంటుకు విద్యుత్ అంబుడ్స్‌మన్ వేరు. ఎవరి పరిధి వారిది. అయితే అందరూ మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ముందు ఆ కార్యాలయంలో అడిగారా, వారేమన్నారు?

మా పక్కింటి పిన్ని సంగతి చెబుతాను. ఆమె కూతురు కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి, నెలనెలా డబ్బు పంపుతుంది. ఒకరోజు పిన్ని పాస్‌బుక్ తెచ్చి, "అమ్మాయీ, నేను తీయని డబ్బు తీసినట్టు పడింది, చూడు" అంది. వేలు పెట్టి ఒక్కో వరుసా చదివాను. మూడేళ్లపాటు, ఏటా ఒకసారి 436 రూపాయలు. పక్కన జీవన జ్యోతి బీమా పొడి అక్షరాలు. ఆ బీమాలో చేరడానికి వయోపరిమితి 50 ఏళ్లు, రక్షణ 55 వరకే. పిన్నికి 62. అంటే, ఆమెకు ఏదైనా జరిగినా ఇంటికి పైసా రాని బీమాకు డబ్బు కట్టించుకున్నారు. శాఖలో అడిగితే "నాలుగు వందలే కదా, పెద్దమ్మా" అన్నారట. ఆ మాట విని నాకు కోపం వచ్చింది. కువైట్‌లో ఆ పిల్ల ఎవరింట్లోనో గిన్నెలు తోమి పంపిన నాలుగు వందలు అవి.

కోపం కాగితం మీద పెట్టలేదు. రాసింది ఇంతే:

"మీ శాఖలో నాకు పొదుపు ఖాతా ఉంది. నా వయసు 62 సంవత్సరాలు. 2023, 2024, 2025 సంవత్సరాలలో ఏటా 436 రూపాయల చొప్పున, మొత్తం 1,308 రూపాయలు నా ఖాతా నుంచి బీమా పేరుతో తీసుకున్నారు. ఈ బీమాకు నేను దరఖాస్తు చేయలేదు. చేసి ఉంటే, నా సంతకం ఉన్న దరఖాస్తు నకలు ఇవ్వండి. లేనట్లయితే ఆ సొమ్ము తిరిగి జమచేసి, ఇకముందు తీయడం ఆపండి. పాస్‌బుక్ పేజీల నకళ్లు జతచేశాను."

ఎవరు, ఎప్పుడు, ఎంత, ఏమి కావాలి. ఏడు వాక్యాలలో అన్నీ వచ్చాయి. అందులో అసలు బలం "సంతకం ఉన్న దరఖాస్తు నకలు ఇవ్వండి" అన్న మాటలో ఉంది. ఆ కాగితం ఉంటే పిన్ని మరిచిపోయిందని ఒప్పుకుంటాం. లేకపోతే అడగకుండా తీశారని వారే ఒప్పుకున్నట్టు.

సీలు వేయించుకుని ముప్ఫై రోజులు ఆగాము. బ్యాంకు విషయంలో ఈ ఆగడం తప్పనిసరి. ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా అప్పుడు రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. 2021 నవంబరు 12 నుంచి మూడు వేర్వేరు పథకాలను కలిపి ఒకటే చేశారు. ఏ ఊరి ఫిర్యాదైనా ఒకే చోటికి వెళుతుంది: సెంట్రలైజ్డ్ రిసీట్ అండ్ ప్రాసెసింగ్ సెంటర్, నాలుగో అంతస్తు, భారతీయ రిజర్వు బ్యాంకు, సెక్టార్ 17, సెంట్రల్ విస్టా, చండీగఢ్, 160017. ఏ భాషలోనైనా రాయవచ్చు, మేము తెలుగులోనే రాశాము. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. ఇంటర్నెట్‌లో పెట్టగలిగితే ఇంకా త్వరగా నమోదవుతుంది. సందేహాలకు 14448కు ఫోను చేయవచ్చు. అదే గొడవ మీద కోర్టులో కేసు నడుస్తుంటే మాత్రం తీసుకోరు. ముప్ఫై ఒకటో రోజున పంపాము, సీలు పడిన నకలు జతచేసి. కొన్ని వారాలకు 1,308 రూపాయలూ ఖాతాలో పడ్డాయి. దరఖాస్తు నకలు ఈనాటికీ రాలేదు.

కరెంటు సంగతి క్లుప్తంగా. చెరువు మోటార్ల బిల్లు, మీటరు, ట్రాన్స్‌ఫార్మర్ ఫిర్యాదులకు ముందు 1912 లేదా సెక్షన్ ఆఫీసు. తరువాత వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక. అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే విద్యుత్ అంబుడ్స్‌మన్. 2003 విద్యుత్ చట్టంలోనే ఈ మెట్లు ఉన్నాయి. మధ్య మెట్టు దాటేసి వెళితే వెనక్కి పంపుతారు.

లోకాయుక్త దగ్గరకు వెళ్లేవారు ఇంకా ఓపిక పట్టాలి. మా శివారు రైతులు ఆ పాఠం బోదె గట్టు మీద, అంటే పొలాలకు నీరు తెచ్చే పిల్లకాలువ గట్టు మీద నేర్చుకున్నారు. ధవళేశ్వరం నుంచి వదిలిన నీరు చిట్టచివర మా పొలాలకు చేరాలంటే బోదె శుభ్రంగా ఉండాలి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పూడిక, గుర్రపుడెక్క తీయాలి. ఆ ఏడు తీశామన్నారు. తొలకరికి నీరు రాలేదు. అందరూ కలిసి వచ్చి "కాంట్రాక్టరూ, అధికారీ కలిసి తినేశారని రాయండమ్మా" అన్నారు. రాయలేదు. తినడం మనం చూడలేదు కదా!

మొదట సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టించాను. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాలలో 10. తెల్ల రేషను కార్డు నకలు పెడితే అదీ అక్కరలేదు. "ఎందుకు తీయలేదు" అని అడగకండి, దానికి వారు జవాబివ్వనక్కరలేదు. కాగితం అడగండి. మేము అడిగినవి మూడు: పని అంచనా, ఎం-బుక్‌లో ఆ పనికి సంబంధించిన పేజీలు, చెల్లించిన బిల్లు. గడువు 30 రోజులు. రాకపోతే అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు, ఆపైన 90 రోజుల లోపు సమాచార కమిషన్‌కు రెండోది. మాకు మొదటి అప్పీలుతో వచ్చాయి.

ఎం-బుక్ అంటే కొలతల పుస్తకం. తీసిన ప్రతి గజం మట్టికీ అందులో పొడవు, వెడల్పు, లోతు రాసి సంతకం చేస్తారు. ఆ నకలు పట్టుకుని రైతులతో కలిసి బోదె వెంట నడిచాను. తూము దగ్గర అర మీటరు పూడిక తీసినట్టు ఉంది. ఒకాయన వెదురుకర్ర దింపారు. పైన పచ్చగా గుర్రపుడెక్క, కింద మెత్తటి బురద, కర్ర అందులోకి మోకాలిలోతు దిగింది. నాలుగు చోట్ల అలాగే కొలిచి, తేదీ కనిపించేలా ఫోటోలు తీసి, పక్కనే ఎం-బుక్ అంకెలు రాశాము.

అప్పుడు లోకాయుక్తకు రాశాము, ప్రమాణపత్రంతో. ప్రమాణం చేసి చెప్పేది కాబట్టి, కంటితో చూసింది మాత్రమే ఉండాలి. "రికార్డులో ఇలా ఉంది, స్థలంలో ఇలా ఉంది, తేడా మీద విచారణ జరిపించండి." ఎవరినీ దొంగ అనలేదు. ఒకవేళ కొలత తప్పు రాసింది కింది ఉద్యోగి అయితే, పై అధికారిని నిందించిన పాపం మనకెందుకు? లోకాయుక్త తానుగా శిక్ష వేయరు. విచారించి, చర్య తీసుకోవలసిన పై అధికారులకు నివేదిక పంపుతారు. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే నిరాశ ఉండదు.

నివేదిక కోరుతూ లోకాయుక్త నుంచి కార్యాలయానికి కాగితం వచ్చిందని తెలిసిన వారంలోనే బోదెలోకి పొక్లెయిన్ దిగింది. రెండు రోజుల్లో పూడిక పోయింది. "పని అయింది కదా, ఫిర్యాదు వెనక్కి తీసుకోండి" అని కబురు వచ్చింది. రైతుల్లో సగం మంది సరేనన్నారు. వద్దని బతిమాలాను. ఈ ఏటి మట్టి ఈ ఏడు పోయింది, నిజమే. నిరుడు తీయని మట్టికి బిల్లు ఇంకా ఆ పుస్తకంలో అలాగే ఉంది. ఆ లెక్క తేలకపోతే వచ్చే వేసవిలో మళ్లీ అదే పెన్నుతో అదే అంకె రాస్తారు. ఆ రాత్రి అరుగు మీద చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

మీరు కూడా అంతే చేయండి. పని జరిగితే జరిగిందని లోకాయుక్తకు ఇంకో కాగితం రాయండి, దాచకండి. "మా మొదటి ఫిర్యాదు కొనసాగించవలసిందిగా మనవి" అని చివర చేర్చండి. దానికీ రెండు ప్రతులు తీసి, స్పీడ్ పోస్టు రసీదు గుచ్చి పెట్టుకోండి.