రోహిణీ కార్తెలో నానోట్యూబుల పనా? ముందు కూలర్ సంగతి చూడండి

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షా వైపు అంతదాకా ఆగక్కర్లేదు, మే నెలలో 45 డిగ్రీలు మామూలే. రేకుల షెడ్డులో ప్లాస్టిక్ కరిగించి పార్టులు పోసే మౌల్డింగ్ మెషీన్ పక్కన నిలబడేవాడి గతి చెప్పేదేముంది? సరిగ్గా అప్పుడే, నైలాన్‌లో కార్బన్ నానోట్యూబులు కలిపి గట్టి పార్టులు పోయమని ఆర్డర్ వచ్చిందనుకోండి. తీసుకోండి, మంచి పనే. కానీ దానా, అంటే ప్లాస్టిక్ గింజలు, తెప్పించే ముందే షెడ్డులో కూలర్ ఎటు తిరిగి ఉందో చూసుకోండి.

ఈ నానోట్యూబులు కార్బన్ పరమాణువులు అల్లుకున్న గొట్టాలు. 1991లో సుమియో ఇజీమా అనే జపాన్ శాస్త్రవేత్త రాసిన పరిశోధన పత్రంతో వీటికి పేరొచ్చింది. లాగితే సాగకుండా నిలిచే బిగువులో ఉక్కుకు దాదాపు 5 రెట్లు. విడిగా పొడి రూపంలో వస్తే అచ్చం మసి. సంచి మూతి విప్పితే చాలు, లేస్తుంది. భయమంతా ఆ మసి ఊపిరితిత్తుల్లోకి పోతుందనే. పనిచేసేవాళ్ల ఆరోగ్యం, భద్రత చూసే అమెరికా సంస్థ నియోష్ 2013లో పెట్టిన హద్దు, 8 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో 1 మైక్రోగ్రాము. కంటికి మసి కనిపించిందంటే ఆ హద్దు ఎప్పుడో దాటేసినట్టే. వీటిలో ఒక రకాన్ని క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటిలో చేర్చారు. మిగతా రకాలపై తేల్చి చెప్పడానికి ఆధారాలు చాలలేదన్నారు. చాలలేదంటే మంచివని కాదు కదా.

అందుకే నా మాట ఒకటే: పొడి కొనకండి, మాస్టర్‌బ్యాచ్ దానా కొనండి. అందులో నానోట్యూబులు ముందే ప్లాస్టిక్‌లో కలిసి ఉంటాయి, మామూలు దానాతో కలుపుకుని వాడుకోవడమే. ధర ఎక్కువే. మూసి కలిపే మిక్సర్ లేని షెడ్డులో పొడి వ్యవహారం మనకొద్దు.

ఇక కూలర్. రన్నర్లు (పార్టుతో పాటు వచ్చే ప్లాస్టిక్ కాడలు), స్క్రాప్ గ్రైండర్‌లో వేసినప్పుడు సన్నటి నల్ల దుమ్ము వస్తుంది. ఎదురుగా కూలర్ ఉంటే అది షెడ్డంతా తిరుగుతుంది. గ్రైండింగ్ పొద్దున్నే, కూలర్ ఆపి చేయండి. పని చేసేవాడికి ముఖానికి సరిగ్గా అతుక్కునే ఎన్95 మాస్కు ఇవ్వండి. దస్తీ కట్టుకుంటే పనికిరాదు. ఉక్కపోతకు మాస్కు మెడకు జారుతుంది, అది అందరికీ తెలిసిందే. కాబట్టి గంటకోసారి బయట నీడలో కూర్చోబెట్టి నీళ్లు తాగనివ్వండి. డ్యూటీ దిగేటప్పుడు కంప్రెసర్ గాలితో చొక్కాలు దులుపుకునే అలవాటు చాలా చోట్ల ఉంది. పైపు చొక్కా మీదికి తిప్పగానే దుమ్మంతా లేచేది ముఖం ఎత్తుకే. ఆ అలవాటు మాన్పించండి. నేల కూడా ఊడవొద్దు, తడిగుడ్డతో తుడవాలి.

కూలర్‌తో రెండో తంటా తేమ. ఇంత ఎండలో తేమ ఎక్కడిదంటారేమో, కూలర్ ఇచ్చేదే తడిగాలి. నైలాన్ తేమను ఇట్టే పీల్చుకుంటుంది. గంటల తరబడి డ్రయ్యర్‌లో పెట్టిన దానాను మూత లేని డ్రమ్ములో కూలర్ ఎదురుగా వదిలేస్తే ఆ కరెంటు ఖర్చంతా దండగ. పార్టు మీద వెండి చారలు పడతాయి, బలం పోతుంది. మెషీన్‌లో దానా పోసే హాపర్‌కు మూత పెట్టండి. కూలర్‌ను మనుషులు కూర్చునే వైపు తిప్పండి.

నానోట్యూబులు కలిపిన దానా వేడిని తట్టుకుంటుందని చెప్పి అమ్ముతారు కాబట్టి కొందరు బ్యారెల్ (మెషీన్‌లో ప్లాస్టిక్ కరిగే గొట్టం) వేడి ఇష్టమొచ్చినట్టు పెంచేస్తారు. నైలాన్ 6 కరిగేది 220 డిగ్రీల దగ్గరే, నానోట్యూబులు కలిపినా అంతే. బరువు మోస్తూ వేడెక్కినప్పుడు మెత్తబడటం కాస్త ఆలస్యమవుతుంది, అదీ లాభం. కలిపాక కరిగిన ప్లాస్టిక్ చిక్కబడుతుంది. డై, అంటే అచ్చు, నిండకపోతే ముందు ప్రెషర్, డై వేడి సరిచూడండి. దానా ఇచ్చినవాడి చార్టు దాటి బ్యారెల్ వేడి పెంచితే ప్లాస్టిక్ మాడి పొగ వస్తుంది. చంద్రపూర్‌లోనే థర్మల్ స్టేషన్ ఉన్నా షెడ్డులో కరెంటు పోతూనే ఉంటుంది. తిరిగి వచ్చాక బ్యారెల్‌లో నిలిచిన ప్లాస్టిక్‌ను బయటికి తోసేసేటప్పుడు ప్లాస్టిక్ బయటికొచ్చే నాజిల్ ఎదురుగా ఎవరూ ఉండకూడదు, చిమ్ముతుంది.

ఇంకో సంగతి, తగినంత కలిస్తే ఈ ప్లాస్టిక్ గుండా కరెంటు పారుతుంది. స్విచ్ బోర్డులకు, వైర్లు పట్టి ఉంచే క్లిప్పులకు దీన్ని వాడొద్దు. పార్టు ఎక్కడ బిగిస్తారో ఆర్డర్ ఇచ్చిన పార్టీని ముందే అడగండి. అనుమానముంటే ఒక ముక్క కోసి, కోసిన చోట మల్టీమీటర్ పెట్టి చూసి, ఆ తర్వాతే ప్యాకింగ్‌కు పంపండి.