ఎండలు ముదరకముందే పూల్ నీళ్లు సరిచూసుకోండి: పీహెచ్ పెరిగితే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

నీళ్లు అద్దంలా ఉంటాయి, క్లోరిన్ వేళకు పడుతూనే ఉంటుంది, అయినా నీటి అంచున టైల్స్ మీద తెల్లటి గార కడుతుంది. గోటితో గీకితే గరగరలాడుతుంది. ఒక చుక్క యాసిడ్ వేస్తే నురగ కక్కుతుంది. అది కాల్షియం కార్బొనేట్. పీహెచ్ (నీరు ఆమ్లమా, క్షారమా చెప్పే కొలత; పెరిగితే క్షారం) చాలా రోజులుగా 7.8 దాటి ఉన్న పూల్‌లో తరచూ కనిపించే గుర్తు ఇదే.

పీహెచ్ పెరిగిందంటే ఎవరో ఏదో కలిపారని కాదు. సోడా సీసా మూత తీస్తే గ్యాస్ పోయినట్టే పూల్ నీటిలోని కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది, దాంతో పీహెచ్ పైకి పాకుతుంది. ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే నీటి గుణం) ఎంత ఎక్కువుంటే ఈ పెరుగుదల అంత వేగం. ఫౌంటెన్, జలపాతం, పైకి తిప్పిన నాజిళ్లు (పంపు నీళ్లు పూల్‌లోకి వచ్చే మూతులు), పిల్లల గెంతులు, అన్నీ దానికి సాయం చేసేవే. ఉప్పుతో క్లోరిన్ తయారుచేసే యంత్రం ఉంటే దాని పలకల మీద పుట్టే హైడ్రోజన్ బుడగలూ అదే పని చేస్తాయి. కొత్తగా ప్లాస్టర్ చేసిన పూల్‌లో సిమెంటు నుంచి సున్నం ఊరుతుంది కాబట్టి మొదటి నెల రోజూ చూడాల్సిందే.

ఎండాకాలంలో ఇదంతా ముదురుతుంది. నీళ్లు ఆవిరై ఖనిజాలు మిగులుతాయి, ఆ లోటును గట్టి బోరు నీటితో నింపితే కాల్షియం, ఆల్కలినిటీ ఇంకా పెరుగుతాయి. పైగా చక్కెరలా కాకుండా కాల్షియం కార్బొనేట్ వేడి నీటిలో తక్కువ కరుగుతుంది. క్లోరిన్‌కూ నష్టమే: స్టెబిలైజర్ (ఎండకు క్లోరిన్ పోకుండా కాపాడే మందు) లేని నీటిలో పీహెచ్ 7.5 దగ్గర సుమారు సగం క్లోరిన్ క్రిములను చంపే బలమైన రూపంలో ఉంటే, 8 దగ్గర పావు వంతు కూడా మిగలదు.

ముందు కొలతలు. నీటిని పైపైన కాక మోచేతి లోతు నుంచి, నాజిల్‌కు దూరంగా తీసుకోండి. పరీక్ష గొట్టాన్ని బొటనవేలితో మూసి కుదపకండి, చర్మం మీది చెమట రీడింగ్‌ను చెడగొడుతుంది, మూత పెట్టండి. పగటి వెలుగులో, తెల్లటి కాగితం ముందు పెట్టి రంగు పోల్చండి. క్లోరిన్ 10 పీపీఎం (పది లక్షల వంతుల్లో పది) దాటి ఉంటే ఫినాల్ రెడ్ (పీహెచ్‌ను రంగుతో చూపే పరీక్ష మందు) రంగును నమ్మొద్దు, పీహెచ్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. పీహెచ్ 7.4 నుంచి 7.6, ఆల్కలినిటీ 80 నుంచి 120 పీపీఎం (ఉప్పు యంత్రం ఉంటే 60 నుంచి 80), కాల్షియం హార్డ్‌నెస్ (నీటిలో కరిగిన కాల్షియం కొలత) 200 నుంచి 400, స్టెబిలైజర్ 30 నుంచి 50 ఉంటే చాలు. నింపే నీటిని కూడా ఒకసారి పరీక్షించండి. చాలామంది వదిలేసేది అదే.

మోతాదు లెక్కకు పూల్ పరిమాణం తెలియాలి. పొడవు, వెడల్పు, సగటు లోతు మీటర్లలో గుణించి, దాన్ని 1,000తో గుణిస్తే లీటర్లు. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల సగటు లోతు అంటే 48,000 లీటర్లు. ఆల్కలినిటీ 100 ఉన్న 50,000 లీటర్ల నీటిని 8.0 నుంచి 7.5కు దించడానికి 31 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ 600–700 మిల్లీలీటర్లు పడుతుంది. అయినా మొదట సగమే పోయండి. పంపు తిరుగుతుండగా నాలుగు గంటలు ఆగి, మళ్లీ కొలిచి మిగతాది. ఆ రీడింగ్ సరిగ్గా వచ్చేదాకా ఎవరినీ దిగనివ్వకండి.

వారంలో రెండు మూడుసార్లు యాసిడ్ పోయాల్సి వస్తుంటే జబ్బు పీహెచ్‌ది కాదు, ఆల్కలినిటీది. దాన్ని దించకుండా పీహెచ్ వెంట పడటం చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. 50,000 లీటర్లలో 10 పీపీఎం తగ్గించాలంటే సుమారు ఒక లీటరు యాసిడ్. ఒక్కసారే పోయకుండా, పీహెచ్ 7.2 దాకా దించి, నాజిళ్లను పైకి తిప్పి నీటిని చిలకండి. గాలి తగిలి పీహెచ్ పెరుగుతుంది, ఆల్కలినిటీ మాత్రం పెరగదు. మళ్లీ యాసిడ్, మళ్లీ చిలకడం. ఒకేచోట పోస్తే ఆల్కలినిటీ, చుట్టూ తిరిగి పోస్తే పీహెచ్ తగ్గుతాయన్న మాట ఉత్తిదే. ఎక్కడ పోసినా రెండూ తగ్గుతాయి. పొరపాటున పీహెచ్ మరీ పడిపోతే కంగారుగా సోడా యాష్ (పీహెచ్ పెంచే పొడి) వేయకండి, అది ఆల్కలినిటీని మళ్లీ ఎగదోస్తుంది. నాజిళ్లు పైకి తిప్పి ఆగితే చాలు.

యాసిడ్ చేతిలో ఉన్నప్పుడు కళ్లను పూర్తిగా కప్పే రక్షణ అద్దాలు, రబ్బరు గ్లౌజులు తప్పనిసరి. పది లీటర్ల ప్లాస్టిక్ బకెట్‌లో ముందు నీళ్లు, తర్వాత యాసిడ్. తిరగేస్తే భగ్గున చిమ్ముతుంది. గాలికి ఎదురుగా నిలబడకండి. లోతు వైపు, నీళ్లు బయటికొచ్చే నాజిల్ ముందు సన్నధారగా పోయండి, స్కిమ్మర్‌లో (నీటి మీది చెత్తను లాగే గూడు) ఎప్పుడూ పోయొద్దు. క్లోరిన్ కొలిచిన మగ్గు యాసిడ్‌కు వాడొద్దు, తడి అడుగంటి ఉన్నా విషవాయువు పుడుతుంది. ఈ రెంటినీ ఒకే అరలో, ఒకే మూసిన గదిలో పెట్టకండి. యాసిడ్ ఒలికితే చల్లడానికి వంట సోడా పొట్లం చేతికందేచోట ఉండాలి.