మడమ నొప్పికి ఇన్‌సోల్

పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుండేది. రోజంతా నిలబడి పాఠాలు చెప్పే ఉద్యోగం నాది. ప్లాంటార్ ఫేసియైటిస్ (మడమ నుంచి వేళ్ల దాకా అరికాలిలో ఉండే దళసరి పట్టీ దెబ్బతిని నొప్పి రావడం) అన్నారు డాక్టరు. మందుల షాపులో కొన్న సిలికాన్ ప్యాడ్ మెత్తగా ఉందే తప్ప, నా చదును పాదానికి ఆసరా ఇవ్వలేదు.

అందుకే బూటు లోపల పాదం కింద పెట్టుకునే ఇన్‌సోల్‌ను నా కొలతలకు చేయించుకున్నా. ముందు ప్రెషర్ ప్లేట్ (పాదంలో ఎక్కడ ఎంత బరువు పడుతోందో చూపే పలక) మీద నడిపించి స్కాన్ తీశారు. తెర మీద మడమలు, పాదాల లోపలి అంచులు ఎర్రగా కనిపించాయి; బరువంతా అక్కడే పడుతోందట. ఆ కొలతలకు ఈవీఏ అనే తేలికైన ఫోమ్‌ను మెషీన్‌తో చెక్కి ఇన్‌సోల్ చేశారు. బూటుతో పాటు వచ్చిన ఇన్‌సోల్ తీసేసి దీన్ని పెట్టాలి, లేకపోతే మడమ పైకి లేచి జారుతుంది. మొదట్లో కాసేపే వేసుకోమన్నారు. పాదం వంపు కింద ఏదో ఒత్తుతున్నట్టుంటుంది, అలవాటు పడాలి. ఖరీదు మాత్రం ఘాటే! పిక్కల స్ట్రెచింగ్ కూడా చేస్తున్నా. ఇప్పుడు నొప్పి బాగా తగ్గింది.

మా అమ్మకు షుగర్, పాదాల్లో స్పర్శ తక్కువ. ఆమెకు గట్టి ఇన్‌సోల్ వద్దని, మెత్తని ఎంసీఆర్ (మైక్రోసెల్యులార్ రబ్బరు) చెప్పులు రాశారు.