ఏబీజీలో పీసీఓ2, బైకార్బొనేట్ రెండూ తక్కువ: తప్పు సిరంజిలో దొరికింది (నా అనుభవం)

ఏబీజీలో (ధమని రక్తంలో వాయువులు, ఆమ్లత్వం చూసే పరీక్ష) వచ్చినవి: పీహెచ్ 7.38, పీసీఓ2 (కార్బన్ డయాక్సైడ్ పీడనం) 30, బైకార్బొనేట్ 17. అదే సమయంలో తీసిన సీరంలో టోటల్ సీఓ2 (ఇందులో ఎక్కువ భాగం బైకార్బొనేటే) మాత్రం 23. క్యాలిబ్రేషన్, క్యూసీ (మిషన్ నాణ్యత పరీక్ష), కార్ట్రిడ్జ్ మార్పు, టెంపరేచర్ ఎంట్రీ: వేటితోనూ తేడా పోలేదు.

కారణం సిరంజిలో మిగిలిన ద్రవ హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా వాడేది). అది రక్తాన్ని పలుచన చేసి పీసీఓ2, బైకార్బొనేట్ రెండింటినీ కలిపే దించుతుంది, పీహెచ్ పెద్దగా కదలదు. అందుకే కంటికి ఆనదు. పీహెచ్‌తో అంకెలు పొసగుతున్నాయా అని చూసే 24 × పీసీఓ2 ÷ బైకార్బొనేట్ (హైడ్రోజన్ అయాన్ల) లెక్కతో సరిచూసినా పట్టుబడదు. ఎందుకంటే మిషన్ బైకార్బొనేట్‌ను కొలవదు, పీహెచ్, పీసీఓ2 నుంచే లెక్కగడుతుంది.

పనిచేసిన పద్ధతి: పొడి హెపారిన్ ఉన్న సిరంజి. అది లేకపోతే ద్రవ హెపారిన్ లాగి, గోడలు తడిపి, పూర్తిగా బయటికి నెట్టేయాలి. కనీసం 2 ఎంఎల్ రక్తం తీయాలి. గాలి బుడగను వెంటనే తోసేసి, మూత పెట్టి, అరచేతుల మధ్య దొర్లిస్తూ తలకిందులు చేస్తూ కలపాలి. మిషన్‌కు ఇచ్చే ముందు మళ్లీ కలిపి, మొదటి చుక్కలు పారేయాలి. ప్లాస్టిక్ సిరంజి ఐతే ఐస్ వద్దు, 30 నిమిషాల్లో పూర్తిచేయాలి.

అన్ని తేడాలకూ ఇదే కారణమని చెప్పలేను. పీసీఓ2 తగ్గి పీహెచ్ పెరిగితే ముందు గాలి బుడగను అనుమానించండి. పొడి సిరంజితోనూ అంకెలు అలాగే వస్తే రోగి పరిస్థితే అది కావచ్చు.