అమ్మ గాజులు జారుతుంటే

పోయిన సంక్రాంతికి అమలాపురం దగ్గర మా ఊరు వెళ్లాను. అమ్మ గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. "వయసు కదే, చిక్కిపోనా?" అంది. నేనూ నమ్మేశాను. ఉగాదికి తూకం వేయిస్తే 47 కిలోలు. దసరాకి 52 ఉండేది.

అది వయసు కాదు. తగ్గాలని అనుకోకుండానే ఆరు నెలల్లో నూటికి ఐదు వంతుల బరువు పోయిందంటే డాక్టర్‌కి చూపించాల్సిందే. తూకం మిషను లేకపోతే కుట్టుపని టేపుతో పిక్కను లావుగా ఉన్నచోట కొలవండి. 31 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే కండ కరిగిందేమోనని అనుమానించాలి. కాళ్లు వాచి ఉంటే మాత్రం ఈ కొలతనీ, తూకాన్నీ నమ్మలేం.

ఏం తింటున్నారని అడిగితే "తింటున్నాగా" అంటారు. రెండు రోజులు పక్కన కూర్చుని చూడండి. మా అమ్మ తింటున్నది పొద్దున రెండు ఇడ్లీలు, రెండు పూటలా మజ్జిగన్నం, మాగాయ. "ఒక్కదాని కోసం ఏం వండుకుంటానే" అంది కానీ, అసలు బాధ కట్టుడు పళ్లు. వదులై చిగుళ్లు ఒరుసుకుపోతున్నాయి. నమలలేక కూరలు మానేసింది, నాకు చెప్పలేదు. అందుకే ముందు పళ్ల డాక్టర్ దగ్గరికే తీసుకెళ్లాను.

ఇక తిండి. ఎక్కువ తినమని బతిమాలకండి. తినే నాలుగు ముద్దల్లోనే బలం పెంచండి. పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజూ ఒక గ్రాము ప్రొటీన్ అయినా అందాలి. అంటే అమ్మకి దాదాపు 50 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములు, గ్లాసుడు పాలలోనూ ఇంచుమించు అంతే. పొద్దున పెసరట్టు, కరకరలాడకుండా మూతపెట్టి మెత్తగా కాల్చాలి. పదకొండింటికి రాగి జావ, నీళ్లతో కాకుండా పాలతో కాయాలి. మధ్యాహ్నం మెత్తటి అన్నం, ముద్దపప్పు, చెంచాడు నెయ్యి. పప్పన్నమే ముందు పెట్టండి, ఆకలి అప్పుడే ఉంటుంది. చివర్లో గడ్డ పెరుగు. పల్చటి మజ్జిగతో కడుపు నిండుతుందే తప్ప ఒంటికి పట్టేది తక్కువ. సాయంత్రం ఉడకబెట్టిన గుడ్డు. గుడ్డు తినని ఇళ్లలో వేయించిన పల్లీలు, నువ్వులు మెత్తగా పొడిచేసి అన్నంలో కలపొచ్చు. అమ్మకి కొరమీను పులుసంటే ప్రాణం. ముళ్లు తక్కువ కాబట్టి వారానికి రెండుసార్లు చేయిస్తున్నాను.

వయసు మీదపడితే దాహం సరిగా తెలియదు. మంచం పక్కన చెంబుతో నీళ్లు పెట్టి, గంట గంటకీ గుర్తుచేయండి.

కిడ్నీ జబ్బుంటే ప్రొటీన్ పెంచేముందు డాక్టర్‌ని అడగాలి. తింటుంటే తరచూ పొలమారినా ఆలస్యం చేయొద్దు. షుగర్‌కి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకి బి12 విటమిన్ తగ్గొచ్చు, రక్తపరీక్ష చేయించండి.

నేను హైదరాబాద్‌లో ఉంటాను. పన్నెండున్నరకి ఆఫీసులో క్యారేజీ విప్పి అమ్మకి వీడియో కాల్ చేస్తాను. ఇద్దరం కలిసే తింటాం. ఎవరూ లేనప్పుడు రెండు ముద్దలతో లేచిపోయేది, ఇప్పుడు మాటల్లో పడి పప్పు మారు వడ్డించుకుంటోంది. ప్రతి నెలా ఒకటో తారీఖున తూకం చూసి క్యాలెండర్ మీద రాయమన్నాను. శ్రావణానికి 49 వచ్చింది. ఇంకా మూడు రావాలి.