ట్రైనింగ్ క్యాంప్‌లో ఎవరు ఎవరో తెలియాలంటే

ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్) జట్టు ట్రైనింగ్ క్యాంప్, అంటే సీజన్‌కు ముందు జరిగే ప్రాక్టీస్ శిబిరం, చూడ్డానికి వెళితే పెద్ద చిక్కు ఆటగాళ్లను గుర్తుపట్టడమే. 90 మంది దాకా ఉంటారు, ప్రాక్టీస్ జెర్సీల మీద చాలాసార్లు పేర్లుండవు. పైగా ప్రీసీజన్‌లో (అసలు సీజన్‌కు ముందు) ఒకే నంబరు ఇద్దరికి ఉండొచ్చు, ఒకరు అఫెన్స్ (దాడి చేసేవాళ్లు), ఇంకొకరు డిఫెన్స్ (అడ్డుకునేవాళ్లు). ఫోన్‌లో వెతికేలోపు ఆ ప్లే అయిపోతుంది.

బయల్దేరే రోజు పొద్దున జట్టు వెబ్‌సైట్‌లో రోస్టర్ (ఆటగాళ్ల జాబితా) తెరిచి, పేర్ల వరుసలో కాకుండా నంబర్ల వరుసలో ఒకే కాగితం మీద ఎక్కించుకోండి. ఎడమవైపు అఫెన్స్, కుడివైపు డిఫెన్స్, బంతిని తన్నే కిక్కర్లూ పంటర్లూ అడుగున. నంబరు, ఇంటిపేరు, పొజిషన్ చాలు. ఎత్తు, బరువు, కాలేజీ రాస్తే కాగితం నిండటం తప్ప లాభం లేదు. రూకీల (తొలి సీజన్ ఆడబోయేవాళ్ల) పక్కన చుక్క పెట్టుకోండి, ఎక్కువగా వెతికేది వాళ్లనే కదా! అక్కడికెళ్లాక ఏ రంగు జెర్సీ ఎవరిదో చూసి వరుసల పైన రాసుకుంటే సరి. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌లకు మాత్రం సాధారణంగా వేరే రంగు ఉంటుంది, వాళ్లను ఎవరూ ఢీకొట్టకూడదని.

పాత కాగితాన్ని మాత్రం నమ్మొద్దు. క్యాంప్ మధ్యలోనే కొందరిని తీసేసి కొత్తవాళ్లను చేర్చుకుంటారు, ఖాళీ అయిన నంబరు ఇంకొకరికి వెళ్లిపోతుంది. ఆగస్టు చివర్లో జట్టును 53 మందికి కుదించేటప్పుడైతే నిన్నటి జాబితా కూడా పనికిరాదు.