కత్తిరించిన స్ట్రిప్ కొనొద్దు: పండగ రోజుల్లో సుఖవ్యాధుల మందుల జాగ్రత్తలు

2025 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ గనేరియా మీద లెక్కలు బయటపెట్టింది. మన పెద్దలు సెగరోగం అనేది దీన్నే. మన దేశంతో కలిపి 12 దేశాల్లో చూస్తే సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందుకి లొంగని క్రిములు 95 శాతం. సెఫిక్సిమ్ అనే ఇంకో మందుకి లొంగనివి 2022లో 1.7 శాతం, 2024కల్లా 11. ఆఖరి ఆయుధంలా దాచుకున్న సెఫ్‌ట్రయాక్సోన్ సూదికి కూడా 0.8 నుంచి 5కి పెరిగాయి.

మన దగ్గరేమో సంక్రాంతికి హైదరాబాదు, చెన్నై, విశాఖ నుంచి వలసెళ్లినవాళ్లు ఊళ్లకొస్తారు. అక్కడి నుంచి అరసవల్లి రథసప్తమి దాకా బస్టాండులకీ, హైవే దాబాలకీ రద్దీయే. సెక్స్ వర్క్‌లో ఉన్న మీలాంటి ఆడవాళ్లకి పని ఎక్కువ, ఆసుపత్రిలో ఓపీ లైన్లో నిలబడే తీరిక తక్కువ. మెడికల్ షాపు మాత్రం సందు చివరే.

కండోమ్ వాడమని మళ్లీ మొదటినుంచి చెప్పం. ఆ మాట మీరు చాలాసార్లు విన్నారు, చాలామంది మగవాళ్లకంటే మీకే బాగా తెలుసు. కొంపముంచుతున్న తప్పు వేరే ఉంది. అది కత్తిరించిన స్ట్రిప్.

"తెల్లబట్టకి మాత్రలియ్యి బాబూ" అనగానే కౌంటరు అవతల కత్తెర ఆడుతుంది. పది మాత్రల స్ట్రిప్‌లోంచి నాలుగు కోసి, కాగితంలో చుట్టి చేతిలో పెడతారు. చాలాసార్లు అది ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్ర. రెండో రోజుకి వాసన తగ్గుతుంది, బాగుందనిపిస్తుంది. మోసమంతా అక్కడే. వాసన పుట్టించే క్రిముల మీద ఆర్నిడజోల్ పనిచేసింది. ఓఫ్లాక్సాసిన్ మాత్రం పైన చెప్పిన సిప్రోఫ్లాక్సాసిన్‌కి సొంత చెల్లెలు. గనేరియా దాన్ని లెక్కచేయదు. వాసన పోయింది, రోగం పోలేదు.

అసలు చాలామంది ఆడవాళ్లలో గనేరియా ఏ గుర్తూ చూపించదు. గర్భాశయ ముఖద్వారం దగ్గర నెమ్మదిగా ఉండి, పైకి, అండం వచ్చే గొట్టాల్లోకి పాకుతుంది. పొత్తికడుపు నొప్పి మొదలయ్యేసరికి గొట్టాలు దెబ్బతిని ఉండొచ్చు. పిల్లలు పుట్టకపోవడం, గర్భం గొట్టంలోనే నిలిచి లోపల రక్తం పోయి ప్రాణం మీదకి రావడం, రెండూ దీని వల్ల జరిగేవే.

ఆ కోసిన స్ట్రిప్ ముక్కతో ఇంకో చిక్కు. చాలాసార్లు మందు పేరు, ఎక్స్‌పైరీ తేదీ షాపులో మిగిలిన ముక్క మీదే ఉండిపోతాయి. క్లినిక్‌లో డాక్టరమ్మ "ఏం వాడేవమ్మా?" అంటే "తెల్ల మాత్రండీ, మధ్యలో గీతుంది" అనడం తప్ప జవాబుండదు. అప్పటికే మందు మింగారు కాబట్టి నమూనా తీసినా ల్యాబులో క్రిమి సరిగ్గా పెరగకపోవచ్చు. ఏ మందుకి లొంగుతుందో, దేనికి లొంగదో చెప్పే పరీక్షని మీ చేత్తో మీరే చెడగొట్టుకున్నట్టు.

పండగ వారమంతా "ముందుజాగ్రత్త"కి రోజుకొకటి మింగడం ఇంకా చెడ్డది. గనేరియాకి చుట్టాలైన క్రిములు మన గొంతులో ఏ హానీ చేయకుండా ఎప్పుడూ ఉంటాయి. మీరు మింగే ప్రతి మాత్రా వాటిని రాటుదేలుస్తుంది. నోటి సెక్స్ వల్ల గనేరియా గొంతులోకి చేరితే, మందుని తట్టుకునే గుణం వాటి దగ్గర అందుకుంటుంది. గొంతులో అది నొప్పి పెట్టదు, మందుకి కూడా అంత తేలిగ్గా పోదు. నోటికి కూడా కండోమ్ అనేది ఇందుకే.

జిల్లా పెద్దాసుపత్రిలో సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్‌లో రంగు డబ్బాల్లో మందులు ఉచితంగా ఇస్తారు. గనేరియాకి బూడిద రంగు డబ్బా: సెఫిక్సిమ్, అజిత్రోమైసిన్ 1 గ్రాము. రెండూ ఒకేసారి, నర్సు ఎదురుగానే మింగాలి. గంటలోపు వాంతి అయితే మందు పోయినట్టే, మళ్లీ అడిగి వేసుకోవాలి. ఆకుపచ్చ డబ్బా వాసన, దురదతో అయ్యే తెల్లబట్టకి: సెక్నిడజోల్ 2 గ్రాములు, ఫ్లూకొనజోల్ 150 మి.గ్రా. ఆ మందు మీద మద్యం వద్దు.

పొత్తికడుపు నొప్పికి పసుపు డబ్బా. జాగ్రత్తంతా దీనితోనే. సెఫిక్సిమ్ ఒక్కసారి, తర్వాత మెట్రోనిడజోల్ 400, డాక్సీసైక్లిన్ 100 రోజుకి రెండేసి పూటలు, 14 రోజులు. ఈ రెండూ కలిపి 56 మాత్రలు. నాలుగో రోజుకి నొప్పి తగ్గగానే ఆపేస్తారు. మిగిలినవి పక్కింటి అప్పకో, కూడా వచ్చే పిల్లకో ఇస్తారు. అదిగో, ఇంకో కత్తిరించిన స్ట్రిప్! ఈసారి షాపులో కాదు, మన ఇంట్లోనే పుట్టింది. డాక్సీసైక్లిన్ నిండు గ్లాసు నీళ్లతో, కూర్చుని వేసుకోవాలి, వెంటనే పడుకోకూడదు. గర్భం ఉంటే ముందే చెప్పాలి, మందు మారుస్తారు.

నొప్పి లేని పుండు సంగతి వేరు. సవాయి (సిఫిలిస్) పుండు మందు వేసినా వేయకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో మానిపోతుంది. ఆ మధ్యలో ఏ మాత్ర మింగితే దానికి పేరొస్తుంది, రోగమేమో రక్తంలో ఉండిపోతుంది. దీనికి మందు బెంజథీన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు, రెండు పిర్రలకీ చెరి సగం. నొప్పి పుడుతుంది, నిజమే. కానీ సవాయి క్రిమి పెన్సిలిన్‌కి ఇప్పటికీ లొంగుతోంది, అజిత్రోమైసిన్‌కి చాలాచోట్ల లొంగడం మానేసింది. సూది వేశాక అరగంట అక్కడే కూర్చోండి. ఆ రాత్రి జ్వరం, ఒళ్లునొప్పులు వస్తే భయం లేదు, పారాసిటమాల్ చాలు. దద్దుర్లు, ఆయాసం వస్తే మాత్రం పరుగున ఆసుపత్రికి.

ఇక మిగిలినవి:

మూడు నెలలకోసారి చెకప్, ఆరు నెలలకోసారి సవాయి, హెచ్‌ఐవీ రక్తపరీక్ష. ఈసారిది పండక్కి ముందే చేయించుకోండి.

మందు వేసుకున్న ఏడు రోజులు కలవొద్దు. ఇంట్లో మనిషికి, రెగ్యులర్‌గా వచ్చే మనిషికి కూడా మందు పడాలి. అతను వేసుకోకపోతే మీరు వేసుకున్నది వృథా.

ఏడో రోజుకి తగ్గకపోతే ఇంకో మందు మింగొద్దు. వెనక్కి వెళ్లి నమూనా తీయమనండి.

పెరుగులా విరిగిన తెల్లబట్ట, దురద? యాంటీబయాటిక్స్ ఎక్కువ మింగినా అది వస్తుంది. దానికి మళ్లీ యాంటీబయాటిక్ వేస్తారా?

డెటాల్, నిమ్మకాయ, ఉప్పునీళ్లతో లోపల కడగొద్దు.

కొబ్బరినూనె రాస్తే కండోమ్ చిరుగుతుంది. రెండు తొడిగినా చిరుగుతుంది.

కండోమ్ చిరిగితే 72 గంటలు దాటకముందే ఆసుపత్రికెళ్లి హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు అడగండి. ఎంత తొందరగా వెళ్తే అంత మంచిది. దారి తెలియకపోతే 1097కి ఫోను, డబ్బులు పడవు.

పోలీసులు ఆపుతారని కండోమ్‌లు పారెయ్యొద్దు. వాటిని నేరానికి సాక్ష్యంగా చూడకూడదని 2022 మేలో సుప్రీంకోర్టు చెప్పింది.

మీ ఒప్పుదల లేకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేయకూడదు. 2017 చట్టం అది.

ఆర్‌ఎంపీ దగ్గర పేరు, మోతాదు రాసివ్వని సూది వేయించుకోవద్దు.

స్ట్రిప్ మీద ఎర్ర గీత ఉంటే డాక్టర్ చీటీ లేకుండా కొనొద్దు. నాలుగు కాదు, ఒక్కటీ వద్దు.

బ్యాగు ఇప్పుడే తెరిచి చూడండి. అందులో కత్తిరించిన స్ట్రిప్ ఉంటే మింగొద్దు, ఇంకొకరికి ఇవ్వొద్దు, పారెయ్యను కూడా పారెయ్యొద్దు. క్లినిక్‌కి పట్టుకెళ్లి డాక్టరమ్మ బల్ల మీద పెట్టండి.